దేవుడికి చెప్పిన కాయ

మా చిత్తూరు ఇంటి పెరట్లో మల్గూబా మామిడి చెట్టు ఒకటి ఉంది. నేను కోడలిగా వచ్చిన ఏడాది మా అత్త నాటింది. తొమ్మిదేళ్ళపాటు అది ఆకులు రాల్చడం తప్ప ఇంకో పని చేయలేదు. ఆ ఆకులు ఊడ్చే పని నాది. పదో ఏట పూత వచ్చింది. సగం పూత తేనెమంచు పురుగుకు పోయింది, పిందెలు గాలికి పోయాయి, ఆఖరికి ఒకే ఒక్క కాయ నిలిచింది. అది కూడా పక్కింటి గోడవైపు వంగిన కొమ్మకు.

ఆ కాయకు జరిగినన్ని మర్యాదలు నా పెళ్ళిలో నాకు జరగలేదు. ఉడతలు కొరకకుండా మా అత్త తన పాత చీర చింపి దానికి సంచిలాగా కట్టింది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీకి ముందే పెరట్లోకి తీసుకుపోయి, నిచ్చెన ఎక్కి ఆ సంచి విప్పి కాయ చూపించి, మళ్ళీ కట్టేది. ఒక రోజు అందరం భోజనాల దగ్గర ఉండగా చెప్పింది.

"ఆ కాయ కాణిపాకం వినాయకునికి సెప్పినా. మొదటి కాయ ఆయనకే. ఎవురూ సెయ్యి ఎయ్యబాకండి."

ఎవరూ అంటే ఇంట్లో ఉండేది ముగ్గురమే. అత్త, మామ, నేను. మా ఆయనకు తిరుపతిలో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోతాడు. నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. కాబట్టి "ఎవురూ" అన్నది మామను ఉద్దేశించి అన్నదేనని అందరికీ తెలుసు. మామకు కూడా తెలుసు. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు. మామిడిపండు కనబడితే ఆయన ముఖం మారిపోతుంది.

మామ కోర్టులో బంట్రోతుగా పనిచేసి రిటైరయ్యాడు. సాక్షులను మూడుసార్లు గట్టిగా పేరు పెట్టి పిలవడం, బోనెక్కిన వాళ్ళ చేత ప్రమాణం చేయించడం ఆయన పని. రిటైరయ్యాక కూడా ఆ గొంతు తగ్గలేదు. నన్ను కాఫీకి పిలిచినా మూడుసార్లు పిలిచేవాడు. ప్రమాణాల మీద మాత్రం ఆయనకు ఏమాత్రం గౌరవం లేదు.

"నా సర్వీసులో ఎన్ని వేలమంది చేత ఒట్టు పెట్టించి ఉంటానో లెక్క లేదు. దేవుని ఎదుట అంతా నిజమే చెబుతానని అంటారు, ఆ వెంటనే మొదలుపెడతారు అబద్ధం. ఒక్కడన్నా కోర్టు మెట్ల మీద కింద పడింది లేదు" అనేవాడు.

"అది కోర్టు. కాణిపాకంలో సెప్పమను సూద్దాం" అనేది అత్త.

ఇక పక్కింట్లో ఉండేది ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే అక్క. వాళ్ళు క్రైస్తవులు. కూతురు వేలూరులో చదువుకుంటోంది, తనొక్కతే ఉంటుంది. ప్రతి ఆదివారం ఉదయం చర్చికి పోయే ముందు తెల్లచీర కట్టుకుని మా ఇంటికి వచ్చి, మామ వేలు గుచ్చి షుగరు చూసి, అత్త ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళేది. వాళ్ళిద్దరికీ ఆ కాఫీ దగ్గర కబుర్లు చాలా ఉండేవి. అత్త ఆమెను నర్సమ్మా అనేది, ఆమె అత్తను పెద్దమ్మా అనేది.

జూన్ ఆఖరు వారంలో ఒక శనివారం మా బడికి మధ్యాహ్నమే సెలవిచ్చారు. అత్త బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళింది. ఇంటికొచ్చి చూస్తే వీధి తలుపు లోపల గడియ వేసి ఉంది. మామ నిద్రపోతున్నాడేమో అనుకుని పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాను.

బట్టలుతికే బండ దగ్గర మామ గొంతుక్కూర్చుని ఉన్నాడు. చొక్కా విప్పి తీగ మీద వేసి ఉంది. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, ఒంటి మీద పడకుండా ముందుకు వంగి, మల్గూబా తింటున్నాడు. రసం మోచేతుల దాకా కారుతోంది. కాయలు కోసే దోటి గోడకు ఆనించి ఉంది.

నన్ను చూసి ఆయన ఉలిక్కిపడలేదు. ఎడమ చెయ్యి ఎత్తి, "ఒక్క నిమిషం, అమ్మణ్ణీ" అని మిగిలిన సగం కూడా తిన్నాడు.

"మామా! అది దేవుడి కాయ!"

"తెలుసు."

"షుగరు!"

"అదీ తెలుసు. దేవుడికి షుగరు లేదు, ఎన్ని కాయలన్నా తినచ్చు. నాకు ఈ ఒక్కటే." ఆయన టెంకను చీకుతూ కాసేపు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచినప్పుడు మాత్రం భయం కనబడింది. లేచి వచ్చి, జిగురు చేత్తో నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు.

"మీ అత్తకు సెప్పనని ఒట్టు పెట్టు. సెప్తే నా తల పగిలిపోతాదని అను."

"ఒట్లన్నీ ఉత్తివని మీరే కదా అంటారు?"

"కోర్టులో ఒట్టు వేరు. ఇది నా సొంత తలకాయ."

నేను ఒట్టు పెట్టాను. ఆ క్షణంలో అది చిన్న విషయంగానే కనిపించింది. తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే, అన్నేళ్ళు కోర్టులో ఉండి దొంగల దగ్గర ఎంత నేర్చుకున్నాడో అర్థమైంది. ఖాళీ చీరసంచిలో కొబ్బరిపీచు కుక్కి, కాయంత గుండ్రంగా చేసి, నిచ్చెన ఎక్కి మళ్ళీ అదే కొమ్మకు కట్టాడు. కింద నుంచి చూస్తే కాయ అక్కడే ఉన్నట్టు ఉంది. టెంక సంగతి పెద్ద చర్చ అయింది. పాతిపెడితే కుక్క తవ్వుతుంది, చెత్తబుట్టలో వేస్తే అత్త చూస్తుంది. చివరికి దాన్ని, తొక్కలను కలిపి నేను దిద్దాల్సిన పరీక్ష కాగితం ఒకటి చించి చుట్టి నా టిఫిన్ బాక్సులో పెట్టాడు.

మరుసటి రోజు ఆదివారం. నర్సక్క వచ్చి మామ వేలు గుచ్చింది. మిషనులో అంకె చూసింది, మామ ముఖం చూసింది, మళ్ళీ అంకె చూసింది.

"నిన్న ఏం తిన్నారు పెదనాయనా?"

"రాగిసంగటి" అన్నాడు మామ.

"ఊఁ" అని, ఆమె మిషను సంచిలో పెట్టుకుని కాఫీ తాగి చర్చికి వెళ్ళిపోయింది.

సోమవారం తొమ్మిదో తరగతిలో నేను చెప్పాల్సిన పాఠం న్యాయవ్యవస్థ. సాక్ష్యాలను దాచడం నేరమని చెబుతుండగా ముందు బెంచీలో పిల్లలు గాలి పీల్చుకుంటూ, "టీచర్, మామిడిపండు వాసన" అన్నారు. విరామంలో ఆ పొట్లం తీసుకుపోయి బస్టాపు దగ్గర పడేయబోతే ఒక ఆవు ఎదురొచ్చి కాగితంతో సహా తినేసింది. ఆ పరీక్ష రాసిన పిల్లకు నేను మంచి మార్కులు వేశాను.

ఆ సాయంత్రం అత్త కాయకు రంగు తిరిగిందో లేదో చూద్దామని నిచ్చెన ఎక్కి సంచి విప్పింది. అత్త అరుపుకు వీధిలో వాళ్ళు కూడా వచ్చారు. ఆమె అరచేతిలో కొబ్బరిపీచు ఉంది.

మామ చాలా నెమ్మదిగా అన్నాడు. "ఉడత తినేసిందేమో."

"ఉడత తింటే కొబ్బరిపీచు పెట్టి ముడేసి పోతాదా? ఇది మనిషి సేసిన పని! దేవుడి సొత్తు!"

అత్త ఆ ముడిని పోలీసుల కంటే శ్రద్ధగా పరీక్షించింది. అది తను వేసిన ముడి కాదు. చాలా పద్ధతిగా, గట్టిగా వేసిన ముడి. మామ కోర్టు కాగితాల కట్టలు కట్టీ కట్టీ అలవాటైన ముడి అది. కానీ అత్తకు ఆ ఆలోచన రాలేదు. ఆమె చూపు గోడ మీదుగా పక్కింటివైపు వెళ్ళింది.

"కట్లు కట్టడం ఎవురికి బాగా వచ్చు? ఎవురి మిద్దె మీద నిలబడితే కొమ్మ అందుతాది?"

"సాక్ష్యం లేకుండా నింద ఎయ్యకూడదు" అన్నాడు మామ. గొంతు మాత్రం లేవలేదు.

"అయితే ప్రమాణం. కాణిపాకం పోదాం. ఆయమ్మ ఒకతే కాదు, మనం గూడా సేద్దాం. అప్పుడు తప్పు పట్టేదానికి ఉండదు. రెండో శనివారం పోదాం, కోడలికి సెలవు గూడా కలిసొస్తాది."

కాణిపాకం మా ఊరికి దగ్గరే, బస్సెక్కితే అరగంట. అక్కడి వినాయకుడు ప్రమాణాల దేవుడని మా వైపు అందరికీ తెలుసు. గొడవలు పడినవాళ్ళు కోనేట్లో మునిగి తడిబట్టలతో ఆయన ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. అబద్ధం చెబితే ఆయన ఊరుకోడని నమ్మకం. ఆ వారమంతా అత్త అలా అబద్ధం చెప్పినవాళ్ళ కథలే చెప్పింది. వాళ్ళ పుట్టింటి ఊళ్ళో ఒకడు బావి మోటారు దొంగిలించి ప్రమాణం చేసి, బస్సు దిగేలోపల మాట పడిపోయి, టికెట్టుకు చిల్లర అడగలేకపోయాడట. ఇదివరకైతే మామ ఆ కథకు నాలుగు లొసుగులు పట్టేవాడు. ఇప్పుడు, "ఏ పక్క మాట పడిపోయింది?" అని అడిగాడు.

మంగళవారం అత్త గోడ దగ్గర నిలబడి నర్సక్కను పిలిచి విషయం చెప్పింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆ అక్క అంతా విని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేను తీసుకోలేదు పెద్దమ్మా."

"అదే మాట ఆడికొచ్చి ప్రమాణం సేసి సెప్పు."

"ఒట్టు పెట్టను. మాకు ఒట్టు పెట్టుకోవడమే తప్పు. అవునంటే అవును, కాదంటే కాదు. అంతకు మించి మాట ఉండకూడదు మాకు."

"మీ గుళ్ళోనే పెట్టు, నేనొచ్చి వింటా."

"యాడైనా పెట్టను పెద్దమ్మా."

అత్త లోపలికొచ్చి మామ ముందు కూర్చుంది. "సూసినారా? ఒట్టు పెట్టనంటా ఉండాది! నోట్లో పెట్టుకుని దొరికినట్టే గదా!"

మామ నా వైపు చూసి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం నర్సక్క ఎప్పటిలాగే వచ్చి వేలు గుచ్చింది. కాఫీ రాలేదు. అత్త వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ అక్క కాసేపు కుర్చీలో కూర్చుని, కాఫీ రాదని తెలిశాక లేచి వెళ్ళిపోయింది. నేను సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

"అక్కా, నువ్వు తీసుకోలేదని నాకు తెలుసు."

"ఎట్ల తెలుసు?"

నా తలకాయ కాదు, మామ తలకాయ గుర్తొచ్చింది. "తెలుసు, అంతే" అన్నాను.

ఆమె నవ్వింది. "నాకు గూడా కొంచెం తెలుసులే. కానీ ఎవురి తప్పు ఎంతో తేల్చేదానికి నేనెవుర్ని? ఆ పని పైనాయనది."

"నీ మీద నింద పడుతోంది కదా?"

"నింద మోస్తా. అది పెద్ద కష్టం గాదు." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "మీ అత్త కాఫీ మానేసింది సూడు, అది కష్టంగా ఉండాది. చర్చిలో కూర్చుంటే తలనొప్పి."

ఇంతలో మామకు భక్తి ఎక్కువైంది. పొద్దున్నే లేచి గుంజీలు తీయడం మొదలుపెట్టాడు. రేడియోలో దేవుడి పాట వస్తే లేచి నిలబడేవాడు. కాలిబొటనవేలు కొంచెం వాచినట్టు అనిపిస్తే పదిసార్లు దాన్ని చూసుకునేవాడు. బుధవారం ఉదయం స్నానాలగదిలో కాలు జారి కుడిచెయ్యి కింద పెట్టి పడ్డాడు. మణికట్టు దగ్గర వాచింది. అత్త నూనె రాస్తూ ఏమీ అనుకోకుండా, "ఏ పాపం సేసిన సెయ్యో" అంది. మామ ముఖం పాలిపోయింది.

చెయ్యి విరిగితే మా వైపు పుత్తూరు కట్టు తర్వాతే ఇంకేదైనా. సెలవు పెట్టి ఆయన్ను బస్సులో పుత్తూరు తీసుకెళ్ళాను. అక్కడ వరసలో కూర్చున్నవాళ్ళందరూ ఒకరినొకరు ఎలా పడ్డారో అడుగుతున్నారు. చెట్టు మీద నుంచి, బండి మీద నుంచి, మిద్దె మీద నుంచి. మామ మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా వంతు వచ్చింది. కట్టుకట్టే ఆయన చెయ్యి అటూ ఇటూ నొక్కి, ఆకు పసరు రాసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగిస్తుంటే మామ గొంతు తగ్గించి అడిగాడు.

"అయ్యా, తమరు ఇన్ని చేతులు చూసినారు. ఇది ఊరికే పడితే ఇరిగిందా, ఇంకేమన్నా కారణం ఉంటాదా?"

ఆయన కట్టు ముడి వేసి, "ఎక్కడ పడినావు?" అన్నాడు.

"బాత్రూములో."

"సబ్బు" అన్నాడాయన. "తర్వాతోళ్ళు రండి."

బస్సులో మామ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. పుత్తూరు దాటాక, "సబ్బును అక్కడ పెట్టింది ఎవురు, అది కదా అసలు ప్రశ్న" అన్నాడు.

"నేనే పెట్టాను మామా."

"నువ్వు పెట్టినావు. నీ చేత పెట్టించింది?"

నిజం చెప్పేయమని ఆయన్ను బతిమాలాను. "కాయ తిన్నందుకు గాదమ్మా భయం. మీ అత్త ఎట్లాగో రెండు రోజులు తిడతాది. దేవుడికి చెప్పిన కాయ. అది నా నోట్లోంచి ఎట్ల చెప్పేది?" అన్నాడు. తర్వాత నాకు ప్రమాణం ఎలా చేయాలో నేర్పించాడు. నేను తినలేదు అనడం నిజమే, దానికి దోషం లేదు. ఎవరు తిన్నారో తెలియదు అని మాత్రం అనకూడదు. "అడిగిన దానికే జవాబు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పబాకు. ఇది మంచి సాక్షి లక్షణం." మరి మీరేం చెబుతారని అడిగితే ఆయన కట్టు వైపు చూసుకున్నాడు.

రెండో శనివారం వచ్చింది. తెల్లారేసరికి నర్సక్క మా గేటు దగ్గర ఉంది. ఒట్టు పెట్టను గానీ వస్తానంది. "పెదనాయనకు చెయ్యి బాగలేదు, నీళ్ళలో దిగుతారు. ఎవురైనా ఉండాల గదా." ఆటోలో ముగ్గురు ఆడవాళ్ళం వెనక, మామ డ్రైవరు పక్కన కూర్చున్నాం. దారిలో డ్రైవరు ఏ గొడవకు పోతున్నారని రెండుసార్లు అడిగాడు.

కోనేటి దగ్గర మామ మొదటి అభ్యంతరం లేవదీశాడు. "కట్టు తడవకూడదు. పుత్తూరాయన గట్టిగా చెప్పినాడు. మునక్కుండా ప్రమాణం చెల్లదు. కాబట్టి నేను వాయిదా అడగతా ఉండా."

నర్సక్క సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, ఆయన చేతికి తొడిగి, పైన రబ్బరు బ్యాండు వేసింది. "చెయ్యి పైకెత్తి మునగండి, ఏమీ కాదు."

అలా మామ నడుంలోతు నీళ్ళలో, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి నిలబడ్డాడు. తరగతిలో బయటికి పోవడానికి అనుమతి అడిగే పిల్లవాడిలా ఉన్నాడు. అత్త అప్పటికే మూడు మునకలు వేసి, పసుపు ముఖంతో పక్కన నిలబడి ఉంది. నేను ఒక మెట్టు పైన. నర్సక్క మా పొడిబట్టల సంచులు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"పదండి" అంది అత్త.

మామ కదల్లేదు. "పద్ధతి ప్రకారం జరగాల. ముందు ఫిర్యాది ప్రమాణం సెయ్యాల. ఫిర్యాదు నిజమని తేలితేనే మిగతావాళ్ళ వంతు. ఆడ స్వామి ముందు తడబడకుండా ఈడే ఒకసారి చెప్పు."

అది సమయం లాగడానికి ఆయన పన్నిన ఎత్తు, నాకు తెలుసు. అత్త విసుక్కుంది. "సెప్పేదానికేముండాది?"

మామకు పాత ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది. పైకెత్తిన చెయ్యి అలాగే ఉంచి, కోర్టు హాలంతా వినబడే ఆ గొంతుతో మొదలుపెట్టాడు.

"దేవుని ఎదుట ప్రమాణం చేసి, అంతా నిజమే చెబుతాను, అను!"

కోనేట్లో మునుగుతున్నవాళ్ళు ఆగిపోయారు. ఒకాయన చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"దేవుని ఎదుట..." అంది అత్త.

"మా పెరట్లో మల్గూబా కాయను స్వామికి మొక్కుకున్న మాట నిజం, అను!"

అత్త ఆగింది. మామ మళ్ళీ చెప్పాడు. అలవాటు కొద్దీ మూడోసారి కూడా చెప్పాడు. అత్త గుడి గోపురం వైపు ఒకసారి చూసి, తడి కొంగు తల మీదికి లాక్కుంది.

"నేను మొక్కుకోలేదు."

"ఏంది?"

"మొక్కుకోలేదు అంటా ఉండా. స్వామి ముందు అబద్ధం ఎట్ల సెప్పేది? ఊరికే అన్నా, దేవునికి సెప్పినానని."

"ఊరికే ఎందుకన్నావు?"

అత్త గొంతు ఒక్కసారిగా పెరిగింది. "నేను తినాలనుకున్నా! పెళ్ళైనప్పటి నుంచి ఈ ఇంట్లో ఏ పండొచ్చినా ముందు మీకు. మీకు షుగరొచ్చినాక కొడుక్కు. సుట్టాలొస్తే సుట్టాలకు. నాకు మిగిలేది టెంక. నేను నాటిన సెట్టు, నేను నీళ్ళు పోసిన సెట్టు. ఒక్క కాయ, నిండుగా, నేనొక్కదాన్నే తినాలనుకున్నా. నేను తింటానని సెప్తే ఎవురు ఆగుతారు? అందుకే దేవుడి పేరు సెప్పినా. ఆయన పేరు సెప్పి, ఆయనకు సూపించి, నేనే తినేద్దామనుకున్నా. సాలా?"

గట్టు మీద ఒక ముసలామె, "అంతే కదా మరి" అంది, మాకు ఏ సంబంధమూ లేకుండా.

మామ ముఖంలో నేను ఎదురుచూసిన సిగ్గు రాలేదు. దానికి బదులు ఆయన ముఖం వెలిగిపోయింది. ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయి, "అయితే అది దేవుడి కాయ గాదా?" అన్నాడు.

"గాదు."

"గ్యారంటీగా?"

"గాదు అంటా ఉండా గదా!"

"ఓరి నాయనా! ఈ మాట ముందే సెప్తే ఏం పోయింది నీకు! పదిహేను దినాలుగా నరకంలో నూనె కాగే బాన కనపడతా ఉండాది నాకు! బాత్రూములో పడితే దేవుడే తోసినాడనుకున్నా! మామూలు కాయ! ఇంట్లో కాయ!"

అప్పుడు ఆయనకు తను ఏం అన్నాడో తెలిసింది. చెంబు పట్టుకున్న ఆయనకు కూడా తెలిసింది. అత్త మామను చూసింది, నన్ను చూసింది. నా ముఖంలో ఆమెకు కావలసిందంతా కనబడి ఉంటుంది.

"నీకు తెలుసా?"

"నా చేత ఒట్టు పెట్టించాడత్తా. తల మీద."

గట్టు మీద నర్సక్క తల వంచుకుని నవ్వుతోంది. భుజాలు కదులుతున్నాయి. అత్త ఆమె వైపు తిరిగింది. "నీకు గూడా తెలుసా?"

"ఆ ఆదివారం షుగరు మూడొందలు దాటింది పెద్దమ్మా. సంగటి తింటే అంత రాదు."

"తెలిసి గూడా నా దగ్గర నింద పడినావా? ఒక్క మాట సెప్పుంటే పోయేది గదా!"

"రోగి సంగతి బయట చెప్పకూడదు. ఇంక తప్పెవురిదని తేల్చే పని నాది గాదు."

అత్త తడి కొంగు పిండుకుంది. తర్వాత మామ వైపు చూడకుండా మెట్లెక్కి వచ్చింది. ప్రమాణం ఇక అక్కర్లేదంది. తడిబట్టలతోనే వెళ్ళి దండం పెట్టుకున్నాం. నర్సక్క బయట మా చెప్పుల దగ్గర కూర్చుంది. లోపల మామ ఎంతసేపు సాష్టాంగం పడి ఉన్నాడంటే, ఒంటిచేత్తో లేవలేక వెనకవాళ్ళు లేపాల్సి వచ్చింది.

బయటికొచ్చి ఇడ్లీ తింటుండగా అత్త ఉన్నట్టుండి నర్సక్కను అడిగింది. "ఊరికే ఒకరి మీద నింద ఏస్తే మీ దేవుని దగ్గర ఏం శిక్ష?"

"నింద పడినోళ్ళ దగ్గరికి పోయి తప్పైపోయిందని అడగాల. అంతే."

"అంతేనా? కొట్టడా, కాలూ చెయ్యీ పడిపోదా?"

"లేదు పెద్దమ్మా."

అత్త ఇడ్లీ ముక్క చట్నీలో అద్ది చాలాసేపు నాన్చింది. ఆ మాట ఆమె నోట్లో ఉన్నట్టు మా అందరికీ కనబడుతూనే ఉంది. బయటికి మాత్రం రాలేదు. "కాలు పడిపోవడమే సులువు" అంది చివరికి.

చిత్తూరు చేరాక మామ మమ్మల్ని ఆటోలో కూర్చోమని, ఎడమ చేత్తో చొక్కా జేబు తడుముకుంటూ మార్కెట్టులోకి వెళ్ళి ఒక పెద్ద మల్గూబా పట్టుకొచ్చాడు. ఒక్కటే. అత్త ఒళ్ళో పెట్టాడు. ఇంటికి వెళ్ళాక అత్త దాన్ని కడిగి, కత్తిపీట ముందు కూర్చుని, అలవాటుగా ముక్కలు కోయబోయింది. నర్సక్క కత్తిపీట లాగేసింది.

"ఇది మీకు. నిండుగా."

"మీరందరూ సూస్తా ఉంటే నేనొక్కదాన్నే ఎట్ల తినేది?"

అందరం వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాం. అత్త లోపల తలుపు గడియ వేసుకుంది. మామకు అది పెద్ద శిక్షే. వాసన కిటికీలోంచి వస్తోంది. ఆయన మధ్యలో లేవబోతే నర్సక్క, "కూర్చోండి పెదనాయనా" అంది. పావుగంట తర్వాత గడియ తీసిన చప్పుడైంది. అత్త ముఖం కడుక్కుని వచ్చింది గానీ, ఎలా ఉందో మాకెవరికీ చెప్పలేదు.

క్షమాపణ రావడానికి ఇంకో ఎనిమిది రోజులు పట్టింది. ఆదివారం నర్సక్క వేలు గుచ్చుతుండగా అత్త కాఫీ తెచ్చింది. కాఫీ చేతికి ఇచ్చి, స్టవ్ మీద ఏదో మాడిపోతోందన్నంత తొందరగా, "తప్పు నాది, మనసులో పెట్టుకోబాకు" అనేసి లోపలికి వెళ్ళిపోయింది. స్టవ్ మీద ఏమీ లేదు. నర్సక్క కాఫీ తాగి, గ్లాసు తనే కడిగిపెట్టింది. ఆ మధ్యాహ్నం అత్త మునగాకు పప్పు ఒక గిన్నెలో వేసి నా చేత పక్కింటికి పంపింది.

మర్నాడు గిన్నె తిరిగొచ్చింది. నర్సక్క అందులో ఉడకబెట్టిన శెనక్కాయలు వేసి తెచ్చింది. మామ గిన్నెకు దగ్గరగా కుర్చీ జరుపుకున్నాడు. ఇప్పుడాయన ఏదైనా తినే ముందు అడుగుతున్నాడు.

"ఇవి నేను తినచ్చా?"

"తినచ్చు. ఒక గుప్పెడు, అంతే."

మామ గిన్నెలోకి చూసి, మా ముగ్గురి చేతుల వైపూ చూశాడు.

"ఎవురి గుప్పెడు?" అన్నాడు.